గాలిలో గంట... నేల మీద పూట

తెల్లవారుజాము నాలుగు దాటింది. కృత్తివెన్ను దగ్గర 216 జాతీయ రహదారి పక్కన ఒక రేకుల షెడ్డు. ఒంటి బల్బు వెలుగులో నలుగురు నేల మీద కూర్చుని మండపీతలకు తాళ్ళు కడుతున్నారు. ముందరి పెద్ద కాళ్ళు రెండూ ఒంటికి అదిమిపట్టి, అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు వేసి ముడి బిగిస్తున్నారు. చెయ్యి ఏమరిస్తే వేలు పోతుంది. కట్టిన పీతను తడి గోనె పరిచిన బుట్టలో పెట్టి పక్కకు జరుపుతున్నారు. బుట్టలన్నీ మద్రాసు బండికి ఎక్కాలి. అక్కడి నుంచి సింగపూర్ లాంటి చోట్లకు విమానం. బతికున్న పీతకే ధర. దారిలో చచ్చిందా, రైతు చెరువులో పెంచిన నెలల కష్టం బుట్ట అడుగునే ఆగిపోతుంది.

సముద్రం మీదుగా ఎర్ర దీపం మినుక్కుమంటూ ఒక విమానం పోతోంది. కుర్రవాడు తలెత్తి చూశాడు.

"మావయ్యా, గన్నవరం నుంచే సింగపూర్‌కి విమానం పడిందంటగా. మనం మద్రాసు దాకా మొయ్యడం దేనికి?"

"మనుషులెక్కే లెక్క వేరురా, సరుకు లెక్క వేరు. కస్టమ్సు, కాగితాలు, పెట్టెలు... అయ్యన్నీ మనకి మద్రాసులో అలవాటు. ముడి బిగించు, బండొచ్చే వేళయింది."

విజయవాడ దగ్గరి గన్నవరం నుంచి సింగపూర్‌కు 2025 నవంబర్ 15న విమానం మళ్ళీ మొదలైనప్పటి నుంచి దిగువ కృష్ణా డెల్టాలో ఈ మాట తరచూ వినిపిస్తోంది. గన్నవరం రన్‌వే నుంచి సింగపూర్ చాంగి రన్‌వేకు గాలిలో దూరం సుమారు 3,050 కిలోమీటర్లు, ప్రయాణం నాలుగు గంటలు. కృత్తివెన్ను నుంచి మద్రాసుకు రోడ్డు మీద నాలుగొందల కిలోమీటర్ల పైచిలుకు. అందుకు ఒక రాత్రంతా పడుతుంది. సముద్రం దాటే ప్రయాణం కన్నా రాష్ట్రం దాటే ప్రయాణమే పొడుగు. మన డెల్టా చివరి ఊళ్ళకు దూరమనేది ఎక్కడుందో తేల్చుకోవలసిన సమయం ఇదే.

రెండు విమానాశ్రయాల నడుమ

పటంలో చూస్తే కృత్తివెన్ను మూలన పడి ఉన్న ఊరేమీ కాదు. పడమటి దిక్కున గన్నవరం విమానాశ్రయం సూటిగా కొలిస్తే అరవై కిలోమీటర్ల దూరం. ఈశాన్యాన రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం సూటిగా తొంభై. పక్షికి రెక్కల పని మాత్రమే. మనిషి మాత్రం బంటుమిల్లి మీదుగా గుడివాడ చేరి, పుట్టగుంట, హనుమాన్ జంక్షన్ తిరిగి గన్నవరం వెళ్ళాలి. ఎనభై కిలోమీటర్ల పైమాటే. రెండు వైపులా చెరువులు, మధ్యలో సన్నటి రోడ్డు, రొయ్యల వ్యాన్లు, మేత లారీలు, ధాన్యం ట్రాక్టర్లు. రెండు గంటల్లో చేరితే బాగా చేరినట్టే.

ఆ రెండు విమానాశ్రయాల నడుమ దూరం మరీ ఆలోచింపజేస్తుంది. గన్నవరం నుంచి మధురపూడికి గాలిలో సుమారు 125 కిలోమీటర్లు. నేరుగా నడిచే విమానం లేదు. గాలిలోనే వెళ్ళి తీరాలంటే గన్నవరం నుంచి హైదరాబాద్ శంషాబాద్‌కు 265 కిలోమీటర్లు, శంషాబాద్ నుంచి రాజమండ్రికి 360 కిలోమీటర్లు ఎగరాలి. అంటే 125 కిలోమీటర్ల కోసం 625 కిలోమీటర్లు. అసలు దూరానికి అయిదు రెట్లు. శంషాబాద్‌లో రెండో విమానం కోసం కూర్చునే వేళలో ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా కారు రాజమండ్రి చేరిపోతుంది.

అయితే ఈ రెంటి మధ్య విమానం వేయమని నేను అడగను. రహదారీ రైలూ రెండూ ఉన్న చోట అంత చిన్న దూరానికి రెక్కలెందుకు? అలాంటి విమానం నిజంగా ఎక్కడ అవసరమో చూడాలంటే భూమి తలమీదికి వెళ్ళాలి.

మంచు మీద 110 కిలోమీటర్లు

నార్వే ఏలుబడిలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో లాంగియర్‌బ్యెన్ అనే పట్నం ఉంది. జనాభా రెండున్నర వేలు. అక్కడికి వాయవ్యంగా నీ-ఒలెసుండ్ అనే చిన్న పరిశోధనా గ్రామం. చలికాలంలో అక్కడ ఉండేది ముప్ఫై నలభై మంది, వేసవిలో వంద దాటుతారు. ఉత్తర ధ్రువం అక్కడి నుంచి 1,200 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఆ ఊరికీ మనకూ చుట్టరికం ఉంది. 2008 జులై 1న భారతదేశం తన ఆర్కిటిక్ పరిశోధనా కేంద్రం 'హిమాద్రి'ని ప్రారంభించింది అక్కడే. 2023 డిసెంబర్‌లో మన శాస్త్రవేత్తలు తొలిసారిగా శీతకాలంలోనూ అక్కడ ఉండి పనిచెయ్యడానికి బయల్దేరారు. రోజంతా చీకటే ఉండే కాలమది.

లాంగియర్‌బ్యెన్ నుంచి నీ-ఒలెసుండ్‌కు గాలిలో దాదాపు 110 కిలోమీటర్లు. మన గన్నవరం–మధురపూడి దూరానికి కాస్త తక్కువ. మధ్యలో రోడ్డు లేదు, వెయ్యడానికి వీలూ లేదు. అన్నీ హిమానీనదాలు, కొండలు, నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు (ఫ్యోర్డులు). పదిహేను మంది కూడా పట్టని డోర్నియర్ 228 విమానం ఇరవై అయిదు నిమిషాల్లో దాటిస్తుంది. మబ్బు కమ్మితే ఆ రోజుకు ప్రయాణం లేదు. శాస్త్రవేత్తలు సామాన్లు సర్దుకుని ఆకాశం వైపు చూస్తూ కూర్చోవలసిందే.

డోర్నియర్ 228 మన ఆకాశానికి కొత్తది కాదు. 1981లో పుట్టిన వాయుదూత్ సంస్థ చిన్న పట్నాలకు నడిపిన విమానాల్లో ఇది ఒకటి. 1980ల్లో రాజమండ్రి లాంటి ఊళ్ళు విమానయానం రుచి చూసింది వాయుదూత్ వల్లే. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ ఈ రకం విమానాన్ని కాన్పూర్‌లో తయారుచేస్తుంది కూడా. ధ్రువ ప్రాంతంలో ఊరికి ఊపిరిగా నిలిచిన యంత్రమే మన ఊళ్ళలో గిట్టుబాటు కాక పక్కకు పోయింది. అక్కడ దానికి పోటీ లేదు. ఇక్కడ రైలూ బస్సూ ఉన్నాయి.

[బాక్స్] పటాన్‌చెరు నుంచి ధ్రువానికి
లాంగియర్‌బ్యెన్ విమానాశ్రయం పక్కనే కొండ లోపల ప్రపంచ విత్తన భాండాగారం ఉంది. 2008 ఫిబ్రవరి 26న తెరిచారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తన జన్యుబ్యాంకులో ఉన్న జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాల నకళ్ళను అక్కడ దాచింది. తెలుగు నేల మీది విత్తనాలు విమానమెక్కి, మంచు కొండ కడుపులో భద్రంగా ఉన్నాయి.

గంట అంటే గంటేనా?

"గంటలో హైదరాబాద్" అని టికెట్ మీద ఉంటుంది. 265 కిలోమీటర్లకు గంట ఎందుకు? జెట్ విమానం ఎనిమిది వందల కిలోమీటర్ల వేగంతో పోతుందంటారు కదా, ఇరవై నిమిషాలు చాలదా? గన్నవరం దాకా దిగబెట్టడానికి వచ్చే బంధువులు తరచూ అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే.

విమాన సంస్థలు చెప్పే సమయం గాలిలో గడిపేది మాత్రమే అనుకోకూడదు. నిలబెట్టిన చోటు నుంచి చక్రాలు కదిలిన క్షణం మొదలు, అవతల నిలిపే చోట చక్రాలు ఆగే దాకా లెక్క. రన్‌వే చివరకు పాకుతూ వెళ్ళడం, వరసలో ఆగడం, దిగాక మళ్ళీ పాకడం అన్నీ అందులోవే. ఇక గాలిలో: ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తున పోయే జెట్ విమానం, దిగవలసిన చోటికి దాదాపు రెండు వందల కిలోమీటర్ల ముందే కిందకు వాలడం మొదలుపెడుతుంది. గన్నవరం–హైదరాబాద్ మొత్తం దూరమే 265. కాబట్టి అంత ఎత్తుకు పోయే వ్యవధే లేదు. ఎక్కడం, దిగడం, అంతే. పూర్తి వేగంతో పోయే సమయం దాదాపు ఉండదు. అందుకే తక్కువ దూరాల్లో ఏటీఆర్ లాంటి పంకా విమానం నెమ్మదిదే అయినా జెట్‌కు పెద్దగా వెనకబడదు.

గాలి ఎటు వీస్తోందన్నదీ ఉంది. గన్నవరం రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగానే దిగాలని చూస్తుంది. తూర్పు గాలి వీచే రోజుల్లో హైదరాబాద్ నుంచి వచ్చిన విమానం వచ్చిన దారినే వాలిపోతుంది. నైరుతి రుతుపవనాల పడమటి గాలి తోలుతుంటే మాత్రం విమానాశ్రయం దాటి, తూర్పున హనుమాన్ జంక్షన్ వైపు నుంచి వెనక్కి తిరిగి దిగాలి. కిటికీ పక్క కూర్చున్నవారికి ఆ మలుపులోనే చెరువుల గళ్ళు, కాలువల గీతలు కనబడతాయి. ఊరు కనబడిందని సంబరపడేలోగా అయిదారు నిమిషాలు గడిచిపోతాయి.

[బాక్స్] గన్నవరం నుంచి గాలిలో
రన్‌వే నుంచి రన్‌వేకు సూటి దూరాలు, సుమారుగా: రాజమండ్రి 125 కిలోమీటర్లు, హైదరాబాద్ 265, విశాఖపట్నం 290, చెన్నై 400, బెంగళూరు 495, ఢిల్లీ 1,390, సింగపూర్ 3,050. విమానం నడిచే అసలు దారి దీనికన్నా కొంత ఎక్కువే ఉంటుంది. గాలిలోనూ నిర్ణీత మార్గాలు, మలుపులు ఉన్నాయి.

యుద్ధం వేసిన బాట

గన్నవరంలో విమానం దిగే చోటు రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యం కోసం తయారైంది. యుద్ధం ముగిశాక పౌర విమానాశ్రయమైంది. చాలా ఏళ్ళు అది ఉన్నా లేనట్టే. 2003లో ఎయిర్ డెక్కన్ హైదరాబాద్–విజయవాడ సర్వీసు తలపెట్టినప్పుడు, ప్రారంభ విమానానికి బేగంపేటలో ఇంజిన్ వద్ద మంటలు రేగాయి. వెంకయ్యనాయుడు లాంటి ప్రముఖులు అందులో ఉన్నారు. అందరూ క్షేమంగా బయటపడ్డారు. ఆ ఒడుదుడుకు దాటుకుని సర్వీసు నిలదొక్కుకుంది.

2014లో రాష్ట్ర విభజన జరిగాక గన్నవరం దశ తిరిగింది. 2017 జనవరి 12న కొత్త టెర్మినల్ తెరిచారు. అదే ఏడు అంతర్జాతీయ హోదా వచ్చింది. రన్‌వేను 2,286 మీటర్ల నుంచి 3,360 మీటర్లకు పొడిగించారు. దానికోసం ఏలూరు కాలువను మళ్ళించవలసి వచ్చింది. డెల్టాలో ఏం కట్టినా నీటిని అడిగే కట్టాలి. 2018 డిసెంబర్‌లో మొదలైన తొలి సింగపూర్ సర్వీసు ఏడాది తిరక్కుండానే ఆగింది. 2022 అక్టోబర్ 31న షార్జా విమానం వచ్చింది. 2024 అక్టోబర్ 27 నుంచి విశాఖకు సర్వీసులు పెరిగాయి. అదే ఏడాది నవంబర్ 9న విజయవాడలో కృష్ణా నీటి మీద నుంచి ఒక సీ ప్లేన్ లేచి శ్రీశైలంలో దిగింది. కెనడాకు చెందిన డి హావిలాండ్ సంస్థ విమానమది. కెనడా ఉత్తరాన రోడ్డు లేని సరస్సుల పక్క ఊళ్ళకు ఆ సంస్థ విమానాలే దశాబ్దాలుగా దిక్కు. ఆ రోజు ఒడ్డున నిలబడి చూసిన దివిసీమ వాసికి అదే కృష్ణ దిగువన ఉన్న తన నాగాయలంక రేవు గుర్తురాకుండా ఉంటుందా?

మొగలు, రేవులు, మలుపులు

దిగువ డెల్టాలో దూరాన్ని పూర్వం కోసుల్లోనో మైళ్ళలోనో అడిగేవారు కారు. "ఎన్ని రేవులు దాటాలి?" అని అడిగేవారు. కృష్ణ ఒడ్డున పులిగడ్డ నుంచి అవతలి పెనుమూడి కంటికి కనబడుతుంది. వారధి లేని రోజుల్లో పడవ దొరక్కపోతే అవనిగడ్డ మనిషి విజయవాడ దాకా వెళ్ళి, బ్యారేజీ దాటి, మళ్ళీ అవతలి గట్టున దిగువకు రావాలి. రెండు కిలోమీటర్ల నీటికి నూట పాతిక కిలోమీటర్ల పైన నేల. పులిగడ్డ–పెనుమూడి వారధి వచ్చాక రేపల్లె పక్క ఊరైపోయింది. ఎవరూ ఎగరలేదు, ఏ రన్‌వే వెయ్యలేదు. ఒక్క వంతెన అంత దూరాన్ని చెరిపేసింది.

ఉత్తరాన ఉప్పుటేరుదీ అదే కథ. కొల్లేటి నీటిని సముద్రానికి మోసుకెళ్ళే ఈ ఏరే కృష్ణా జిల్లాకూ పశ్చిమగోదావరికీ సరిహద్దు. లోసరి వంతెన మీదుగా 216 రహదారి సాగడం వల్ల కృత్తివెన్ను నుంచి నరసాపురం, భీమవరం వెళ్ళడం తేలిక. వంతెనకు దూరంగా మొగ దగ్గరి పల్లెపాలేల్లో ఉన్నవారికి ఎదురుగా కనబడే ఒడ్డు ఇప్పటికీ దూరమే. చినగొల్లపాలెం చుట్టూ ఒకవైపు సముద్రం, తక్కిన వైపుల ఉప్పునీటి పాయలు. సముద్రం ఊరి భూమిని కోసుకుంటూ వస్తోంది.

దివిసీమ చివర ఎదురుమొండి ఉంది. ఏటిమొగ రేవు నుంచి పంటు ఎక్కితే తప్ప చేరలేని దీవి అది. మనుషులు, మోటారు సైకిళ్ళు, బియ్యం బస్తాలు, పురిటి నొప్పుల తల్లి, అన్నీ ఆ పంటు మీదే. గాలి తోలితే పంటు ఆగుతుంది. వారధి కోసం అక్కడివారు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. 1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు రోడ్లు తెగి, హెలికాప్టర్లు ఆహార పొట్లాలు వేసిన రోజులు పెద్దవాళ్ళు మరచిపోలేదు. ఆకాశం నుంచి సాయం రావడమంటే నేల మీద దారి తెగిపోయిందని అర్థమని వారికి తెలుసు.

[బాక్స్] బందరులో ఆగిన కొలత
మద్రాసు అబ్జర్వేటరీ స్థాపనకు కారకుడు మైకేల్ టాపింగ్. నక్షత్రాల ఆధారంగా తీరం పొడవునా ఊళ్ళ స్థానాలను కచ్చితంగా గుర్తించిన తొలి సర్వేయర్లలో ఒకరు. కృష్ణా గోదావరి తీరాల సర్వే పనిలో ఉండగా 1796లో మచిలీపట్నంలో కన్నుమూశారు.

గేటు దాకా వచ్చేసరికి

ఉప్పుటేరుకు అటూ ఇటూ ఉన్న ఊళ్ళ నుంచి ఇంటి పనులకు గల్ఫ్ వెళ్ళిన ఆడవాళ్ళు చాలామంది. రెండేళ్ళకోసారి వస్తారు. విమానం హైదరాబాద్‌లోనో చెన్నైలోనో దిగుతుంది. కువైట్ నుంచి గాలిలో నాలుగైదు గంటలు. అక్కడి నుంచి ఊరికి మరో రాత్రంతా. బిడ్డ ముఖం చూడాలన్న ఆరాటంతో వచ్చిన తల్లికి ఆ రాత్రే అన్నిటికన్నా పొడుగు. అయినవాళ్ళు అక్కడే చనిపోతే పెట్టె కూడా అదే దారిన రావాలి. అంబులెన్సు తెల్లవార్లూ నడిచి ఊరు చేరేసరికి, ఇంటి ముందు జనం ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉంటారు. షార్జా విమానం గన్నవరం వస్తోందన్న కబురు ఈ ఊళ్ళలో ఎందుకంత పెద్ద కబురో నగరంలో ఉన్నవారికి తెలియదు.

చదువుకోవడానికి అమెరికా వెళ్ళే పిల్లలది ఇంకో దారి. ఆ పిల్లల్ని చూడ్డానికి మొదటిసారి విమానమెక్కే అమ్మానాన్నలకు ముందుసీటు తెర మీద పటం చూస్తే గాభరా. "అమెరికా పడమట కదా, ఇదేంటండీ ఉత్తరానికి పోతోంది?" అంటుంది ఆవిడ. "గుండ్రంగా ఉంది కదే భూమి, పైనుంచి పోతేనే దగ్గర" అంటాడాయన. సరిగ్గానే చెప్పాడు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా ఎయిరిండియా విమానాన్ని మహిళా పైలట్ల బృందమే నడిపింది. జోయా అగర్వాల్ సారథ్యంలోని ఆ బృందంలో మన తెలుగమ్మాయి కెప్టెన్ పాపగారి తన్మయి ఉన్నారు.

ఆ దారుల్లో ఇబ్బంది వస్తే దిగేది మన పిల్లలు పేరైనా వినని ఊళ్ళలో. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానం ఇంజిన్‌లో లోపం వల్ల రష్యా తూర్పు కొసన ఉన్న మగడాన్‌లో దిగింది. 2024 అక్టోబర్ 15న చికాగో వెళ్తున్న విమానం బాంబు బెదిరింపుతో కెనడా ఉత్తరాన ఇకాలుయిట్‌లో దిగింది. ఇకాలుయిట్‌ను దేశంలోని మిగతా ప్రాంతాలతో కలిపే రోడ్డు లేదు. ఇన్ని వేల మైళ్ళ విమానయానం ఆ చిన్న ఊళ్ళ రన్‌వేలను నమ్ముకునే సాగుతోంది. రోడ్డు లేని అలాంటి చోట పదిమంది కోసమైనా విమానం నడపడం ప్రభుత్వ బాధ్యత అవుతుంది.

మన దగ్గర ఆ బాధ్యత రోడ్డు మీద మొదలవ్వాలి. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద కడప–హైదరాబాద్ విమానం ఎగిరినప్పుడు, గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అని సామాన్యుడికి ఆశ పెట్టారు. మంచిదే. కృత్తివెన్ను నుంచి గన్నవరానికి అర్ధరాత్రి కారు మాట్లాడుకుంటే దాని కిరాయే ఒక్కోసారి ఆ టికెట్‌ను మించిపోతుంది. విమానానికి రాయితీ ఇచ్చి, విమానాశ్రయానికి చేరే దారిని ప్రయాణికుడి తలమీదే వదిలేయడం సగం పని.

చెయ్యవలసినవి సాధ్యం కాని పనులేమీ కావు. బందరు నుంచీ అవనిగడ్డ నుంచీ పెడన, గుడివాడ మీదుగా, కృత్తివెన్ను నుంచి బంటుమిల్లి మీదుగా, విమానాల వేళలకు సరిపోయేలా గన్నవరం గేటు దాకా ఆర్టీసీ బస్సులు నడపాలి. తెల్లవారుజామున ఒకటి, రాత్రి ఒకటి చాలు, మొదలుపెట్టడానికి. బతికిన పీతలు, తాజా రొయ్యలు గన్నవరం నుంచే ఎగిరేలా సరుకు వసతిని, తనిఖీ ఏర్పాట్లను పెంచాలి. గుడివాడ–హనుమాన్ జంక్షన్ రోడ్డును వెడల్పు చెయ్యాలి. వీటన్నిటికన్నా ముందు ఎదురుమొండికి వారధి కావాలి.

కృత్తివెన్ను పరిసరాల నుంచి గన్నవరంలో విమానం ఎక్కబోయే పాఠకులకు ఒక మాట. దేశీయ విమానమైతే కనీసం అయిదు గంటల ముందు, అంతర్జాతీయమైతే ఆరు గంటల ముందు ఇల్లు కదలండి. మీ టికెట్ మీద రాసిన సమయంలో ఈ గంటలు లేవు. వాటిని తగ్గించమని మీ శాసనసభ్యుణ్ణి, ఆర్టీసీ డిపో మేనేజర్‌ను, జిల్లా కలెక్టర్‌ను రాతపూర్వకంగా అడగండి.